గేటు దగ్గరే ఆగిపోయిన నైపుణ్యం

శంకర్‌పల్లి రైల్వే స్టేషన్‌లో పొద్దున్నే దిగి ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారానికి వెళ్లే కార్మికులను చూస్తూ పెరిగిన తరం మాది. ఇందిరాగాంధీ మెదక్ ఎంపీగా, దేశ ప్రధానిగా ఉన్న 1984లో ఆ కర్మాగారానికి పునాది పడింది. రష్యన్ నమూనా బీఎంపీ-2 యుద్ధశకటాన్ని 'శరత్' పేరుతో అక్కడ తయారు చేస్తారు. పదో తరగతి పాసై, 1995లో సికింద్రాబాద్‌లో సైన్యపు ఈఎంఈ కోర్‌లో వెహికల్ మెకానిక్‌గా చేరిన నేను, ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు మా ఊరి పక్కన తయారైన ఆ బండ్లనే విప్పి బిగిస్తూ బతికాను. రాజస్థాన్ ఇసుకలో, పంజాబ్ కాలువల గట్ల మీద వాటి ఇంజన్లు దించాను, ఎక్కించాను. 2019లో హవల్దార్‌గా విరమణ పొంది ఇంటికి వచ్చినప్పుడు నా వయసు 43. ఇంజను మీద చెయ్యి పెడితే లోపల ఏ భాగం అరిగిందో చెప్పగల అనుభవం నాకుంది. బయటి లోకం ఆ అనుభవాన్ని చూసి నాకు ఇవ్వజూపిన ఉద్యోగం ఒక్కటే: గేటు కాపలా.

ఇది నా ఒక్కడి గోడు అయితే పత్రికలో రాయవలసిన పని లేదు. సైన్యంలో సాంకేతిక పని చేసి బయటికి వచ్చే వేలాది మంది జవాన్లలో అణగారిన కులాల వారికి ఏమవుతోందన్న ప్రశ్న మన సామాజిక న్యాయ చర్చలో ఇంతవరకు సరిగా రాలేదు. మాజీ సైనికుల సంఘాలు పింఛను గురించి మాట్లాడతాయి, కులం గురించి మాట్లాడవు. దళిత ఉద్యమం విశ్వవిద్యాలయాల గురించి, సచివాలయాల గురించి మాట్లాడుతుంది, బ్యారక్ నుంచి బయటికి వచ్చిన మెకానిక్ గురించి మాట్లాడదు. ఈ రెండు మౌనాల మధ్య మావంటి వాళ్లం నలిగిపోయాం.

మొదట నా కుటుంబం గురించి రెండు మాటలు చెప్పాలి. మేము మాదిగలం. మా నాయన మోట బొక్కెనలు కుట్టేవాడు. నాకు ఊహ తెలిసేనాటికి ఊళ్లోకి కరెంటు మోటర్లు వచ్చి మోటలు మూలకు పడ్డాయి. కానీ ఆ పని ఎట్లా జరిగేదో నాయన చెబుతుండగా విన్నాను. తోలును సున్నంలో నానబెట్టడం, వెంట్రుకలు తీయడం, తంగేడు చెక్క కషాయంలో ఊరవేయడం, కుట్టు దగ్గర నీరు కారకుండా బిగించడం. ఎద్దులు లాగే బరువును, బావి లోతును, నీటి బరువును చూసి తోలు మందం నిర్ణయించాలి. కుట్టు ఒకచోట తెగితే సగం నీళ్లు మళ్లీ బావిలోకే పోతాయి. ఆసామి పంట ఎండిపోతుంది. ఊరంతటి వ్యవసాయం ఆధారపడ్డ ఈ విద్యకు ఏ బడిలోనూ పాఠం లేదు, ఏ కార్యాలయంలోనూ పట్టా లేదు. పంట చేతికి వచ్చినప్పుడు కల్లంలో కొలిచి ఇచ్చే గింజలే దానికి గుర్తింపు. ఆ గింజలు తీసుకోవడానికి కూడా మా నాయన దూరంగా నిలబడాలి.

బీఎంపీ సుమారు పద్నాలుగు టన్నుల బరువుండే వాహనం. మూడు వందల అశ్వశక్తి ఇచ్చే ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను దానిది. నేల మీద నడుస్తుంది, నీళ్లలో ఈదుతుంది. నీళ్లలోకి దింపే ముందు ప్రతి సీలునూ, ప్రతి మూతనూ పరీక్షించాలి. ఒక్కచోట తప్పినా లోపల ఉన్న పది మంది ప్రాణాలకు ముప్పు. మొదటిసారి ఆ పరీక్ష నా చేత చేయించినప్పుడు నాయన కుట్టిన బొక్కెన గుర్తుకు వచ్చింది. నాయన నీళ్లు బయటికి పోకుండా చూసేవాడు, నేను నీళ్లు లోపలికి రాకుండా చూశాను. తేడా ఏమిటంటే సైన్యం నా పనికి పరీక్ష పెట్టింది, శ్రేణి ఇచ్చింది, జీతం పెంచింది. మా వంశంలో చేతిపనికి లిఖితపూర్వకమైన గౌరవం దక్కడం అదే మొదటిసారి.

అందుకే సైన్యం పట్ల నాకు కృతజ్ఞత ఉంది. అయితే సైన్యంలో కులం లేదని నేను అనను. సాయుధ బలగాల నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు లేవు. జాతుల పేర్లతో, కులాల పేర్లతో నడిచే రెజిమెంట్లు నేటికీ ఉన్నాయి. రాష్ట్రపతి అంగరక్షక దళంలోకి నేటికీ కొన్ని కులాల వారినే తీసుకుంటారు. కానీ ఈఎంఈ, సిగ్నల్స్ వంటి సాంకేతిక కోర్‌లు అన్ని కులాల వారికీ తెరిచి ఉన్నవి. ఒకే కంచంలో కాకపోయినా ఒకే లంగరులో తిన్నాం. ఇంటిపేరు అడిగి కులం తెలుసుకునే కుతూహలం అక్కడా ఉంది. కాకపోతే ఇంజను స్టార్ట్ కానప్పుడు అడిగేది ఇంటిపేరు కాదు, పనిమంతుడు ఎవరని. బయటి సమాజంలో ఆ ప్రశ్నల వరుస తలకిందులవుతుంది.

చరిత్రలో ఇది కొత్త కాదు. బ్రిటిష్ వారి మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎంత మంది ఉండేవారంటే, ఉత్తరాదిన సిపాయికి 'తిలంగా' అన్న పేరు స్థిరపడింది. ఆ సైన్యపు శాపర్స్ దళాల్లో అంటరాని కులాల వారు పెద్ద సంఖ్యలో పనిచేశారు. వంతెనలు కట్టారు, దారులు వేశారు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో 'వీరజాతుల' సిద్ధాంతం ముందుకు వచ్చాక ఈ కులాలకు సైన్యం తలుపులు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. మహారాష్ట్రలో మహర్ల నియామకం 1890ల ఆరంభంలో నిలిచిపోయింది. మహర్ రెజిమెంట్ ఏర్పడడానికి 1941 దాకా ఆగవలసి వచ్చింది. యుద్ధం వచ్చినప్పుడు వీరులు, యుద్ధం అయిపోగానే అంటరానివారు. ఈ సూత్రం మనకు పాతదే.

డాక్టర్ అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ కథ ఈ సందర్భంలో ప్రతి మాజీ సైనికుడూ తెలుసుకోవలసినది. సుబేదార్ హోదాలో సైనిక పాఠశాలలో బోధించిన వ్యక్తి ఆయన. 1891 ఏప్రిల్ 14న అంబేద్కర్ పుట్టింది కూడా మౌ సైనిక స్థావరంలోనే. విరమణ తర్వాత రాంజీ సతారా ప్రాంతంలో పౌర ఉద్యోగంలో కుదిరి, గోరేగావ్‌లో క్యాషియర్‌గా పనిచేశారు. 1901లో తండ్రిని చూడడానికి పిల్లలు రైలెక్కి మసూర్ స్టేషన్‌లో దిగారు. శుభ్రమైన బట్టలు వేసుకున్న ఆ పిల్లలను చూసి ఆదరంగా పలకరించిన స్టేషన్ మాస్టర్, వారు మహర్లని తెలియగానే వెనక్కి తగ్గాడు. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి తీసుకుని, పిల్లలే బండి తోలుకుంటే తాను పక్కన నడిచి వస్తానని ఒకడు ఒప్పుకున్నాడు. సుబేదార్ హోదా స్టేషన్ దాటి బయటికి రాలేకపోయింది. ఆ కుమారుడే తర్వాత కొలంబియాలో చదివి బరోడా సంస్థానంలో సైనిక వ్యవహారాల ఉద్యోగానికి వెళితే, జవాన్లు ఫైళ్లు దూరం నుంచి విసిరారు, ఉండడానికి ఇల్లు దొరకలేదు.

ఆ అంబేద్కరే 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు. యుద్ధకాలపు సాంకేతిక శిక్షణ పథకం ఆయన శాఖ పరిధిలోనిదే. యుద్ధం ముగిసే దశలో, 1945 జులైలో, సైన్యం నుంచి విడుదలయ్యే వారికి పౌర జీవితంలో ఉపాధి చూపడానికి పునరావాస, ఉపాధి డైరెక్టరేట్‌ను అదే శాఖ కింద నెలకొల్పారు. మనం నిన్నమొన్నటి దాకా పేర్లు నమోదు చేసుకున్న ఉపాధి కల్పనా కార్యాలయాల మూలం అక్కడుంది. సైనికుడి చేతిలోని నైపుణ్యాన్ని కర్మాగారానికి చేర్చడం రాజ్యం బాధ్యత అన్న ఆలోచన ఈ దేశంలో ఎనభై ఏళ్ల కిందటిది. అది ఎక్కడ దారి తప్పిందన్నదే ఇప్పుడు అడగవలసిన ప్రశ్న.

మళ్లీ నా అనుభవానికి వస్తాను. విరమణ తర్వాత మా ప్రాంతంలోని ఒక ప్రైవేటు కర్మాగారంలో మెయింటెనెన్స్ విభాగానికి దరఖాస్తు పెట్టాను. ఎదుట కూర్చున్న యువకుడు మర్యాదగానే మాట్లాడాడు. "సార్, డిప్లొమా ఉందా?" అని అడిగాడు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు, ట్రేడ్ శ్రేణి ధ్రువపత్రాలు ముందు పెట్టాను. "ఇది మిలిటరీ సర్టిఫికెట్ కదా సార్, మా సిస్టమ్‌లో ఈ కోర్సు పేరే లేదు. సెక్యూరిటీలో అయితే రేపే చేరొచ్చు" అన్నాడు. పింఛను ఉన్నా ఇద్దరు పిల్లల చదువులున్నాయి. చేరాను. ఒక రాత్రి కరెంటు పోయి జనరేటర్ పట్టలేదు. డ్యూటీలో ఉన్న పిల్లవాడికి చేయాడలేదు. డీజిల్ లైనులోకి గాలి చేరిందని శబ్దం వింటేనే అర్థమైంది. ఫిల్టర్ దగ్గరి స్క్రూ వదులు చేసి, చేతి పంపుతో గాలి తీసేసి, పది నిమిషాల్లో నడిపించాను. తెల్లవారి సూపర్‌వైజర్ పిలిపించాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. "నీ పని గేటు కాడ. మిషన్ల మీద చెయ్యి ఎవడు పెట్టమన్నడు?" అన్నాడు. మరునాడు చాయ్ తాగుతూ, కోపం తగ్గాక, మెల్లగా అడిగాడు: "ఇంతకీ మీరెవలు?" ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో ఈ పేజీ చదివేవారికి వివరించనక్కర లేదు. నేను చెప్పాను. ఆయన "అట్లనా" అన్నాడు. ఎనిమిది నెలల తర్వాత నేనే మానేశాను.

ఇందులో ఎవరినీ దుర్మార్గులుగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. అనుమతి లేనివారు యంత్రం ముట్టకూడదన్నది భద్రతా నియమమే. కానీ నాతో పాటు అదే నెలలో విరమణ పొందిన, అదే ట్రేడ్, అదే శ్రేణి ఉన్న నా మిత్రుడు, తన బంధువులకు తెలిసిన వారి ఫ్యాక్టరీలో నెల తిరగకముందే మెయింటెనెన్స్ ఇన్‌చార్జి అయ్యాడు. అతనికీ డిప్లొమా లేదు. అతను పనిమంతుడు, ఆ ఉద్యోగానికి అర్హుడు. నేను అడిగేది ఒక్కటే. అతని సైనిక అనుభవం ఇంజనీరింగ్ అనుభవంగా లెక్కకు వచ్చినప్పుడు, నాది ఎందుకు రాలేదు? హైదరాబాద్ చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల్లో సొంత యూనిట్లు ఎవరివో, వాటిలో పరిచయాలు ఎవరికి ఉంటాయో అందరికీ తెలుసు. కులం ఇవాళ గేటు దగ్గర నిలబడి ఎవరినీ కొట్టదు. ఒకరికి ఫోన్ నంబరు ఇస్తుంది, మరొకరిని దరఖాస్తు ఫారం నింపమంటుంది. పట్టా లేకపోవడం ఒకరికి సర్దుకుపోదగ్గ లోపం, మరొకరికి దాటలేని గోడ.

ప్రభుత్వ ఉద్యోగాల మాటేమిటని అడగవచ్చు. మాజీ సైనికులకు కేంద్ర ప్రభుత్వ శాఖల్లో గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం, పాత గ్రూప్-డి పోస్టుల్లో 20 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రభుత్వ రంగ సంస్థల్లో, అంగవైకల్యం పొందిన వారి కోటా కలుపుకొని, 14.5 శాతం, 24.5 శాతం. ఈ అంకెలను జాగ్రత్తగా చూడండి. కిందికి పోయినకొద్దీ మా వాటా పెరుగుతుంది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల అసిస్టెంట్ కమాండెంట్ పోస్టులను మినహాయిస్తే, పై రెండు గ్రూపుల్లో అసలు కోటాయే లేదు. కేంద్రంలో పలు శాఖల జూనియర్ ఇంజనీర్ పోస్టులు గ్రూప్-బి కిందికి వస్తాయి. అంటే ఇంజనీర్ అన్న మాట ఎక్కడ మొదలవుతుందో మా కోటా అక్కడ ఆగిపోతుంది.

మరొక నియమం ఉంది. 1979 నాటి మాజీ సైనికుల పునర్నియామక నిబంధనల ప్రకారం, మెట్రిక్ చదివి పదిహేనేళ్ల సర్వీసు చేసిన వ్యక్తిని, డిగ్రీ అర్హత ఉన్న గ్రూప్-సి రిజర్వుడు పోస్టులకు అర్హుడిగా పరిగణించవచ్చు. చాలా మంచి నియమం. అయితే దానికి ఒక షరతు ఉంది: ఆ పోస్టుకు సాంకేతిక స్వభావం గల పని అనుభవం తప్పనిసరి కాకూడదు. ఎంత విచిత్రమో ఆలోచించండి. ఇరవై ఏళ్లు ఇంజను విప్పినవాడు గుమస్తా పోస్టుకు పట్టభద్రుడితో సమానం, ఇంజను విప్పే పోస్టుకు మాత్రం కాదు. చేతి విద్యకు విలువ లేదని, కాగితం పనికే గౌరవమని చెప్పే మన పురాతన బుద్ధి ఒక ఆధునిక నిబంధనలో ఇంత చక్కగా ఇమిడిపోవడం యాదృచ్ఛికమని నేను అనుకోను. పునరావాస డైరెక్టరేట్ పథకాల్లో కూడా మాజీ సైనికుల సెక్యూరిటీ ఏజెన్సీలకు దారి సులువు. మన సమాజం కూడా మాజీ సైనికుడంటే తుపాకీ పట్టుకున్న కాపలాదారునే ఊహించుకుంటుంది.

ఎస్సీ మాజీ సైనికుడికి రెండు రిజర్వేషన్లు కలిసి వస్తాయని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పు స్పష్టం చేసిన ప్రకారం కుల రిజర్వేషన్ నిలువు కోటా, మాజీ సైనికుల వంటివి దాన్ని అడ్డంగా కోసుకుపోయే సమాంతర కోటా. ఎస్సీ మాజీ సైనికుడు ఎంపికైతే ఎస్సీ వాటాలోనే సర్దుతారు. మార్కుల ప్రకారం జనరల్ సీటుకు అర్హుడైతే మాత్రం అతన్ని అక్కడే చూడాలి. సౌరవ్ యాదవ్ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు, జనరల్ విభాగమంటే అగ్రకులాల కోటా కాదని, సమాంతర కోటాల విషయంలోనూ అది ప్రతిభ గల అందరికీ తెరిచి ఉండాలని తేల్చిచెప్పింది. తీర్పు వచ్చినంత మాత్రాన నియామక జాబితాలు వాటంతట అవి మారవు. రోస్టర్ పట్టిక ముందు పెట్టుకుని, ఏ మాజీ సైనికుడిని ఏ సీటులో లెక్కించారో అడిగే వాళ్లు కావాలి. మాలో ఎంతమందికి ఈ లెక్క తెలుసు?

ఇప్పుడు శంకర్‌పల్లి చుట్టూ చూడండి. మోకిలలో విల్లాలు లేచాయి. కొండకల్‌లో రైలు బోగీల కర్మాగారం 2023 జూన్‌లో ప్రారంభమైంది. ఎద్దుమైలారం కర్మాగారం 2021 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వ శాఖగా కాక, ఆవడి కేంద్రంగా ఏర్పడ్డ ప్రభుత్వ రంగ కంపెనీలో భాగమైంది. మా ప్రాంతంలో ఇంజన్లు, వెల్డింగ్, హైడ్రాలిక్స్ తెలిసిన చేతులకు పని లేదనడానికి వీల్లేదు. కొత్తగా పుట్టే పనిలో అధిక భాగం ప్రైవేటులోనో, కాంట్రాక్టు పద్ధతిలోనో పుడుతోంది. అక్కడ ఏ రాజ్యాంగ రిజర్వేషనూ లేదు. చేవెళ్ల ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మా ఎమ్మెల్యే సీటు రిజర్వు అయింది కానీ, మా ఊళ్ల భూముల్లో లేచిన ఫ్యాక్టరీల్లో ఒక్క ఫోర్‌మన్ కుర్చీ కూడా రిజర్వు కాలేదు.

2023 ఆగస్టు 26న ఇదే చేవెళ్లలో కాంగ్రెస్ పార్టీ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించింది. ప్రభుత్వ ప్రోత్సాహకాలు పొందే ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్లు అమలు చేస్తామన్న హామీ అందులో ఉంది. ఆ పార్టీ అధికారంలోకి వచ్చింది. ఎస్సీ వర్గీకరణ చట్టం చేసి 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి తెచ్చింది. దశాబ్దాల దండోరా పోరాటానికి దక్కిన ఫలం అది, స్వాగతించవలసిందే. కానీ వర్గీకరణ పంచేది ప్రభుత్వ ఉద్యోగాలను, విద్యాసంస్థల సీట్లను మాత్రమే. పంచవలసిన రొట్టె ఏటేటా చిన్నదవుతుంటే ముక్కలు న్యాయంగా కోసినా ఆకలి తీరదు. ప్రైవేటు రంగం గురించి చేవెళ్ల సభలో చెప్పిన మాటను ప్రభుత్వానికి గుర్తు చేసే హక్కు చేవెళ్ల ప్రాంతం వాడిగా నాకుంది.

ఈ విషయానికి తక్షణ ప్రాధాన్యం ఇస్తున్నది అగ్నిపథ్. 2022 జూన్ 14న ఆ పథకం ప్రకటించారు. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్ మండింది, ఒక యువకుడు ప్రాణం కోల్పోయాడు. నాకు ఇరవై నాలుగేళ్లు దక్కాయి, పింఛను దక్కింది. అగ్నివీరులకు నాలుగేళ్లు. వారిలో గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, పింఛను లేకుండా బయటికి వస్తారు. తొలి విడతకు నాలుగేళ్లు నిండేది 2026 చివర, 2027 ఆరంభంలో. వారికి ఇగ్నో ద్వారా డిగ్రీ ఇస్తామన్నారు, అందులో సగం క్రెడిట్లు సైనిక శిక్షణ నుంచే లెక్కిస్తామన్నారు. మంచిదే. కానీ అది ఇంజనీరింగ్ పట్టా కాదు. నాలుగేళ్లలో రాడార్ మీదో, ఇంజను మీదో పని నేర్చుకున్న పిల్లవాడు ఇరవై రెండేళ్ల వయసులో ఊరికి వస్తాడు. మేనమామకు ఫ్యాక్టరీ ఉన్నవాడు ఇంజనీరింగ్ దారి పడతాడు. లేనివాడు గేటు దారి పడతాడు.

ఇక్కడ ఎదుటివారి వాదన కూడా న్యాయంగా వినాలి. సైన్యంలో నేర్చిన పనికి, పరిశ్రమ కోరే పనికి మధ్య అంతరం ఉందని యజమానులు అంటారు. నిజమే. ఒకే రకం వాహనాన్ని ఏళ్ల తరబడి బాగుచేసినవాడికి సీఎన్‌సీ యంత్రం కొత్త. సైన్యంలో విడిభాగం అడిగితే స్టోరు ఇస్తుంది, ఫ్యాక్టరీలో ప్రతి బేరింగుకూ ఖర్చు లెక్క చెప్పాలి. డ్రాయింగును కంప్యూటర్ మీద గీయడం, విడిభాగాలకు కొటేషన్లు తెప్పించడం, పై అధికారితో విభేదించి కాగితం మీద కారణం రాయడం మాకు అలవాటు లేని విద్యలు. ఆదేశం వస్తే చేయడం అలవాటైన మేము, ఆదేశం లేకుండా నిర్ణయించడానికి మొదట్లో తడబడతాం. ఈ లోపాలన్నీ నాలోనూ ఉన్నాయి. కానీ ఇవి ఆరు నెలల్లో, ఏడాదిలో నేర్చుకోదగినవి. కళాశాల నుంచి నేరుగా వచ్చిన పట్టభద్రుడికి ఇంజను శబ్దం అర్థం కావడానికి అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. అతనికి 'ట్రైనీ' అని పేరు పెట్టి జీతమిచ్చి నేర్పిస్తారు. మాకు 'అనర్హుడు' అని పేరు పెట్టి వెనక్కి పంపుతారు. అంతరం ఇద్దరికీ ఉంది. దాన్ని దాటించే వంతెన ఒకరికే వేస్తారు.

కాబట్టి నేను అడిగేవి దయాదాక్షిణ్యాలు కావు. మొదటిది, సైనిక ట్రేడ్ శ్రేణులను బట్టి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో నేరుగా ప్రవేశం కల్పించాలి. ఐటీఐ చదివినవారికి ఇప్పటికే అటువంటి దారి ఉంది. 2023లో ప్రకటించిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ పని అనుభవానికీ విద్యా క్రెడిట్ ఇవ్వవచ్చునని అంగీకరించింది. ఆ సూత్రాన్ని రాష్ట్రం ఆచరణలోకి తేవాలి. పని చేసుకుంటూ చదివేవారికి సాయంత్రం తరగతులుండాలి. రెండోది, 1979 నిబంధనల్లోని షరతును మార్చాలి. సాంకేతిక పోస్టుకు సాంకేతిక సైనిక అనుభవమే సమానార్హత కావాలి. నమ్మకం లేకపోతే యంత్రం ముందు నిలబెట్టి పరీక్ష పెట్టండి. మేము రాత పరీక్షకు భయపడవచ్చునేమో గానీ, పని పరీక్షకు భయపడం. మూడోది, మాజీ సైనికుల కోటాలో ఎవరు ఏ పోస్టులో చేరారో కులాలవారీగా, పోస్టులవారీగా ప్రభుత్వం ఏటా వెల్లడించాలి. లెక్క లేని చోట వివక్షకు సాక్ష్యం ఉండదు. సాక్ష్యం లేనందున వివక్షే లేదంటారు. నాలుగోది, రాయితీ భూమి, రాయితీ కరెంటు పొందే పరిశ్రమలు తమ సాంకేతిక ఉద్యోగుల సామాజిక వివరాలు ప్రకటించాలి. చేవెళ్ల హామీ అమలుకు అది తొలి మెట్టు.

మనవాళ్లను కూడా ఒక మాట అనాలి. మా నాయన విద్యను మేమే చిన్నచూపు చూశాం. తోలు వాసన వదిలించుకోవాలన్న తపనలో అందులోని శాస్త్రాన్నీ వదిలేశాం. ఆ వాసనను అవమానంగా మార్చింది కులమని గుర్తించినా, ఆ విద్య మనదని చెప్పుకోవడానికి జంకాం. ఇప్పుడు నా కొడుకు సాఫ్ట్‌వేర్ తప్ప మరేదీ ఉద్యోగం కాదంటాడు. వాణ్ని తప్పుపట్టలేను. చేతికి మసి అంటే పని ఈ దేశంలో ఎవరికి ఏం మిగిల్చిందో వాడు నా ముఖంలోనే చూశాడు. అయినా అంబేద్కరిస్టు సంఘాలు గ్రూప్-1 కోచింగ్‌కు ఇచ్చే శ్రద్ధలో కొంతైనా ఫోర్‌మన్, సూపర్‌వైజర్, జూనియర్ ఇంజనీర్ కుర్చీల మీద పెట్టాలి. ఫ్యాక్టరీలో ఎవరు లోపలికి రావాలో ప్రతిరోజూ నిర్ణయించేది ఆ కుర్చీలే.

నేను ఇప్పుడు శంకర్‌పల్లి రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో జనరేటర్లు, జేసీబీలు బాగు చేస్తున్నాను. ఇద్దరు పిల్లలకు పని నేర్పుతున్నాను. విల్లాల వాళ్లు ఫోన్ చేస్తారు, పని అయ్యాక డబ్బులిస్తారు, ఎవరూ డిప్లొమా అడగరు. బతుకు గడుస్తోంది. కానీ నా కథ ఇట్లా ముగిసిందని సంతృప్తి పడితే అది మోసం. ఒక్కడు షెడ్డు వేసుకుని నిలబడ్డంత మాత్రాన వందల మంది గేటు దగ్గర నిలబడవలసి రావడం న్యాయమైపోదు.

మా అక్క కొడుకు అగ్నివీర్ తొలి విడతలో సాంకేతిక విభాగంలో చేరాడు. మొన్న సెలవులో వచ్చి షెడ్డులో కూర్చున్నాడు. కాసేపు ఇంజను విప్పడంలో చెయ్యి వేశాడు. వాడి వేళ్లలో పనితనం ఉంది. చేతులు కడుక్కుంటూ అడిగాడు: "మామా, నాలుగేండ్లయినంక నేను బయటికొస్తే, ఈ పని నాకొచ్చని ఎవలకు జెప్పాలె?" నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు చెప్పవలసింది నేను కాదు. రాష్ట్రంలో ఉన్న ప్రభుత్వం, ఢిల్లీలో ఉన్న ప్రభుత్వం, మా భూముల్లో గేట్లు కట్టుకున్న పరిశ్రమలు చెప్పాలి. వాడు బయటికి వచ్చేలోపే చెప్పాలి.

(వ్యాసకర్త ఈఎంఈ కోర్ విశ్రాంత హవల్దార్)